తక్కువ తాగే టైర్లు

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర
ఆదివారం ఉదయం

అక్కకు,

నువ్వు బాగున్నావని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. నేను క్షేమం, కారు క్షేమం. నీ మరదలు మాత్రం కారెక్కడం మానేసింది.

ఈ మాత్రానికి ఉత్తరమెందుకు, ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మనం ఫోన్‌లో మాట్లాడుకుంటే ఏమవుతుందో నీకూ తెలుసు. ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం, ఇద్దరం ఒకేసారి ఆగి "నువ్వు చెప్పు" అంటాం, మళ్ళీ ఇద్దరం ఒకేసారి చెబుతాం. చివరికి ఎవరు ఏం చెప్పారో తెలియకుండానే ఇద్దరికీ కోపం వస్తుంది. కాగితమైతే నా వంతు అయ్యేదాకా నువ్వు నోరు మూసుకుని ఉండక తప్పదు.

సంగతి టైర్లు. ఈ కారు కొన్నప్పటి నుంచి నా బుద్ధి ఎటు పోయిందో నువ్వు దూరం నుంచి వింటున్నావే గానీ దగ్గర నుంచి చూడలేదు. పొద్దస్తమానం పెట్రోలు బంకుల్లో లీటరుకు లీటరు పడుతోందా లేదా అని కొలిచే ఇన్‌స్పెక్టరును నేను. అలాంటివాడి చేతికి, సగం పెట్రోలు మీద సగం బ్యాటరీ మీద నడిచే కారిచ్చి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయో క్షణక్షణం చూపించే స్క్రీన్ ముందు పెడితే ఏమవుతుంది? నెమ్మదిగా నడిపితే ఆ స్క్రీన్ మీద ఒక పచ్చటి ఆకు మొలుస్తుంది. గట్టిగా తొక్కితే వాడిపోతుంది. యాభై మూడేళ్ళవాణ్ణి, ఆకు వాడిపోతే అన్నం సహించడం లేదు. వెర్రి వెయ్యి విధాలంటారు, నాది వెయ్యిన్నొకటోది.

బరువు తగ్గితే తాగుడు తగ్గుతుందని ముందు డిక్కీలో సామాను తీసేశాను. తర్వాత స్టెప్నీ తీసి మంచం కింద పెట్టాను. స్టెప్నీ లేనప్పుడు జాకీ ఎందుకని అదీ తీశాను. ఎండలో ఏసీ వేయను. అద్దాలు దించితే గాలి అడ్డుపడుతుందని అవీ దించను. ఒకరోజు నీ మరదలి హ్యాండ్‌బ్యాగు తూచాను. అప్పుడు తను నావైపు చూసిన చూపును తూచే కాటా మా ఆఫీసులో లేదు.

ఇప్పుడు టైర్లు పూర్తిగా అరిగిపోయాయి. మా మెకానిక్ టైరు మీద అరచెయ్యి పెట్టి నిమిరి, తర్వాత నా బట్టతల వైపు ఒకసారి చూశాడు. నోరు తెరిచి ఏమీ అనలేదు, మర్యాదస్థుడు. అరిగిన టైర్లంటే నీ మరదలికి భయం. అందుకే కొన్నాళ్ళుగా స్కూలుకు బస్సులో వెళ్తోంది. వినపడని పిల్లల స్కూలు, తెలుసుగా, ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారాలి.

కొత్త టైర్లు వేయిస్తే మళ్ళీ ఎక్కుతుంది. పాతికేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్న మనిషివి, మంచివేవో చెప్పు. మంచివంటే తక్కువ తాగేవి.

ఒకటి రాస్తే నవ్వుతావు. తను ఎక్కడం మానేశాక సగటు మైలేజీ పెరిగింది. ఒక మనిషి బరువు తగ్గింది కదా. ఆ అంకె చూసి ముందు సంతోషించాను. ఇంటికొచ్చి గేటు తీస్తుంటే సిగ్గేసింది. ఆ పక్క సీటు ఖాళీగా ఉంటే నాకు బాగుండటం లేదక్కా.

నీ తమ్ముడు



డ్రైవింగ్ స్కూలు గది
మధ్యాహ్నం, ఒక క్లాసుకూ ఇంకో క్లాసుకూ మధ్య

ఒరేయ్ త్రాసూ,

చిన్నప్పుడు నీకా పేరు పెట్టింది నేనే. ఇద్దరికీ పాలు సమానంగా పోశారా లేదా అని గ్లాసులు పక్కపక్కన పెట్టి వంగి చూసేవాడివి. ఆ వంగిన నడుము ఇంకా లేవలేదన్నమాట.

ఇక్కడ ఇవాళ ఉదయం ఒక బ్యాంకావిడ నా కారు తీసుకెళ్ళి నా బోర్డుకే గుద్దింది. "ఇచ్చట శ్రద్ధగా నేర్పబడును" అని రాయించాను కదా, అందులో శ్రద్ధ ఊడి కింద పడింది. మిగతాది ఉంది. ఆవిడ ఏడ్చింది, నేను నీళ్ళిచ్చాను, మళ్ళీ ఎక్కించాను. నా ఓపిక చూసి నాకే ముచ్చటేసింది. తర్వాత నీ ఉత్తరం వచ్చింది, ఓపిక అయిపోయింది.

టైర్ల సంగతి విను. కొత్త టైరు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. దాని మీద రెండు గ్రేడు అక్షరాలు చూడాలి, ఎ అంటే అన్నిటికన్నా మేలు. ఒకటి పెట్రోలు ఎంత ఆదా చేస్తుందో చెబుతుంది. రెండోది తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఎంత త్వరగా ఆగుతుందో చెబుతుంది. రెండూ ఒకేలా మంచిగా ఉన్నవి దొరకడం కష్టం, దొరికినా నీలాంటి పిసినారి కొనడు. కాబట్టి నా మాట విని రెండో అక్షరం చూడు. పట్టు ముఖ్యం. మా ఊళ్ళో వానెక్కడిది అని మొదలుపెట్టకు.

ఇంకో సంగతి. నా మరదలు నాకు ఉత్తరం రాసింది. అందులో ఏముందో చెప్పనని మాటిచ్చాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మీ అందరికీ పెద్ద నమ్మకం కదా, ఈసారి నానుతోంది, చూసుకోండి.

ఒక్కటి మాత్రం అడుగుతాను. టైర్ల వల్లే ఎక్కడం లేదని తను చెప్పిందా, నువ్వే అనుకున్నావా?

అక్క



ఆఫీసు నుంచి, తూకంరాళ్ళ గదిలో కూర్చుని
బుధవారం

అక్కా,

నీ ప్రశ్నకు జవాబు చివర రాస్తాను. ముందు టైర్లు.

షాపుకు వెళ్ళాను. ఆ షాపాయన అరచేతిలో వైకుంఠం చూపించే రకం. నేను అడక్కముందే నాలుగు రకాలు దొర్లించుకుంటూ తెచ్చి, ఒక్కోదాని మీద తడుతూ ఒక్కో గుణం చెప్పాడు. ఇది చప్పుడు చేయదు, ఇది చాలాకాలం వస్తుంది, ఇది వానలో గోడకు బల్లిలా పట్టుకుంటుంది, ఇది గాలిలో తేలినట్టు పోతుంది, పెట్రోలు వాసన చూసి వదిలేస్తుంది. నా కళ్ళు ఆ చివరిదాని మీద పడ్డాయి. పెట్రోలు ఆదాకు ఎ గ్రేడు. తడి పట్టుకు మాత్రం... సరే, మన బళ్ళో అయితే పాసు మార్కులు.

నువ్వు వద్దన్నావు కానీ నేను మొదలుపెడతాను: మా ఊళ్ళో వానెక్కడిది? పడితే ఏడాదిలో ఆ కొన్ని వారాలు. రోడ్లన్నీ చదును. నేనెలా నడుపుతానో నీకు తెలియదు గానీ, మొన్న ఒక సైకిలాయన నన్ను దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. ఇంత నెమ్మదిగా వెళ్ళేవాడికి ఆగడానికి టైరెందుకు, కాలు కింద పెడితే చాలు.

ఇక నీ ప్రశ్న. తను చెప్పలేదు. నేనే అనుకున్నాను.

తను చివరిసారి కారెక్కిన రోజు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు నా రికార్డు. లీటరుకు ముప్పై దాటింది. స్కూలు దగ్గర ఎక్కించుకుని వస్తున్నాను. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే తను "మీతో ఒక విషయం చెప్పాలి. మా స్కూలువాళ్ళు..." అంది. నేను "ఒక్క నిమిషం ఆగు, దిగుడు వస్తోంది" అన్నాను. దిగుడులో ఇంజన్ ఆగిపోయి బ్యాటరీ నిండుతుంది. స్క్రీన్ మీద బాణం గుర్తు వెనక్కి తిరుగుతుంది. అది తిరగడం చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. తిరిగింది. చప్పట్లు కొట్టబోయి, చేతుల్లో స్టీరింగ్ ఉందని గుర్తొచ్చి మానుకున్నాను. ఇంటి గేటు దగ్గర అడిగాను, ఏదో చెబుతున్నావు, ఏంటని. "ఏం లేదు" అంది. ఏం లేదంటే ఏం లేదనే అనుకున్నాను. మా ఉద్యోగంలో ముల్లు సున్నా మీద ఉంటే సున్నానే.

మర్నాటి నుంచి బస్సు.

ఇది కాగితం మీద పెట్టాక నాకే ఏదో తేడాగా ఉంది. అయినా ఆమె సాయంత్రాలు మామూలుగానే ఉంటోంది. అడిగినదానికి జవాబు చెబుతోంది. నేను అడిగేవి కూరలో ఉప్పు గురించి, కరెంటు బిల్లు గురించి కాబట్టి జవాబులూ అంతే ఉంటున్నాయి. మునుపు మేం మాట్లాడుకునేదంతా కారులోనేనని ఇప్పుడే తెలుస్తోంది. ఇంట్లో ఆమెకు పిల్లల పుస్తకాలు, నాకు టీవీ. కారులో మాత్రం ఇద్దరికీ వేరే పని ఉండేది కాదు. ఈ స్క్రీన్ వచ్చాక నాకు పని దొరికింది.

సరే, టైర్లు వచ్చాక అన్నీ సర్దుకుంటాయి.

తమ్ముడు



డ్రైవింగ్ స్కూలు గది
శనివారం

త్రాసూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నీ చెంప పగలగొట్టాలనిపించింది, నువ్వు ఎదురుగా లేకపోబట్టి బల్ల మీద కొట్టాను. టీ ఒలికింది.

వినపడని పిల్లలకు రోజంతా, ఒక్కొక్కరికీ అర్థమయ్యేదాకా, విసుక్కోకుండా చెప్పే మనిషి అది. అలాంటి మనిషి రెండు చెవులూ నిక్షేపంగా ఉన్న మొగుడికి ఒక్క మాట చెప్పలేకపోయిందంటే లోపం ఎవరి చెవిలో ఉందో నువ్వే కొలుచుకో. నీ దగ్గర పరికరాలున్నాయిగా.

ఆ చివరి టైరు కొనకు. నేను ఊరికే అనడం లేదు. ఆ కారు ఎప్పుడూ నీ ఆఫీసుకూ బంకులకూ మధ్యే తిరుగుతుందని రాసిపెట్టి ఉందా? రేపు ఎక్కడెక్కడికి వెళ్ళాల్సి వస్తుందో, ఎవరు నడపాల్సి వస్తుందో. వానలో, ఎత్తు మీద, మలుపుల్లో. పక్కన లోయ ఉంటే నీ పచ్చటి ఆకు పట్టుకుని ఆపుతుందా? అది కొండ అని కాదు, ఎక్కడైనా సరే. పట్టున్నవి తీసుకో.

ఇంకోటి. షాపుకు తనను తీసుకెళ్ళు. తనకూ లైసెన్సు ఉందని నీకు గుర్తుందో లేదో, నా దగ్గరే నేర్చుకుంది. నీకన్నా బాగా నడుపుతుంది. నెలాఖరు దాటకుండా చెయ్యి ఈ పని. ఎందుకని అడగకు.

ఇంతకన్నా రాస్తే నోట్లో నువ్వుగింజ బయటపడుతుంది.

అక్క



ఇంటి నుంచి, వరండాలో
ఆదివారం

అక్కా,

దొరికిపోయావు!

వానలో, ఎత్తు మీద, మలుపుల్లో, పక్కన లోయ. పైగా "కొండ అని కాదు" అని ఒక దిద్దుబాటు. నేను నెమ్మదిగా నడుపుతానేమో గానీ నెమ్మదిగా ఆలోచించను. మా ఊరికి గంట దూరంలో ఉన్న కొండ మీద చల్లగా ఉంటుందని, రిటైరైనవాళ్ళంతా చిన్న చిన్న ఇళ్ళు కొనుక్కుంటున్నారు. నువ్వు స్కూలు అమ్మేసి అక్కడికి వచ్చేస్తున్నావు! నీ మరదలితో కలిసి నాకు చెప్పకుండా కుట్ర పన్నావు. నిన్ను ఎక్కించుకుని నేను ఆ కొండ ఎక్కాలి కాబట్టి మంచి టైర్లు కావాలి. అవునా? ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇల్లు దొరికేదాకా మా దగ్గరే ఉండు. ముందు గదిలో నీకు అలమర కొట్టించడానికి కొలతలు కూడా తీసుకున్నాను.

ఇక టైర్లు. తిట్టకు. కొనేశాను. ఆ చివరివే, తక్కువ తాగేవి. నిన్ను కొండెక్కించడానికి నెలకోసారి వెళ్తానేమో, దానికోసం రోజూ పెట్రోలు తగలేయనా? ఆ నెలకోసారి జాగ్రత్తగా వెళ్తే సరి. నీ మరదలికి చెప్పకుండా వేయించాను, చూసి సంతోషిస్తుందని. గేటు దగ్గర నిలబెట్టి చూపించాను. "బాగున్నాయి" అంది, టైర్ల వైపు చూడకుండానే. మర్నాడు మళ్ళీ బస్సుకే వెళ్ళింది.

దానికి తోడు ఇంకో దెబ్బ. మైలేజీ తగ్గింది! తక్కువ తాగే టైర్లు వేస్తే ఎక్కువ తాగుతోంది. నాకు మతిపోయింది. షాపుకు పరుగెత్తితే ఆయన తాపీగా చెప్పాడు, అరిగిపోయిన టైరంత తక్కువ తాగే టైరు లోకంలో లేదట. అరిగాక అది తేలికవుతుంది, నున్నగా దొర్లుతుంది. కొత్తదానికి రబ్బరు మందం, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక గానీ దారికి రాదు. అంటే అక్కా, నేను రికార్డు కొట్టినరోజు నా తెలివి ఏమీ లేదు, ఆ గుండు టైర్ల పుణ్యం! కొండను తవ్వి ఎలుకను పట్టానంటే అదీ పూర్తి నిజం కాదు, ఎలుక కూడా పారిపోయింది.

అందుకని చక్రాల్లో గాలి పెంచాను. ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. టైరు గట్టిగా ఉంటే రోడ్డుకు తక్కువ ఆనుతుంది, తేలిగ్గా దొర్లుతుంది. ఇప్పుడు ఆకు మళ్ళీ మొలుస్తోంది. రోడ్డు మీద చిన్న రాయి ఉన్నా నడుముకు తెలుస్తోంది, అది వేరే సంగతి.

నీ అలమరకు అరలు నాలుగు చాలా, ఐదు కావాలా?

తమ్ముడు



డ్రైవింగ్ స్కూలు గది
ఉత్తరం చదివిన వెంటనే

నేనెక్కడికీ రావడం లేదు. అలమర కొట్టించకు.

గాలి తగ్గించు. ఇప్పుడే వెళ్ళు. చెప్పులు వేసుకుని ఈ కాగితం చేతిలో పట్టుకునే వెళ్ళు.

అక్క



ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర
గురువారం

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. వాన నిన్న పడింది.

ముందే చెబుతున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు.

నిన్న సాయంత్రం ఉన్నట్టుండి కుండపోత. తను స్కూలు నుంచి పిల్లల బొమ్మల అట్టలు ఒక పెద్ద కట్ట తేవాలి, అవి తడిస్తే పాడవుతాయి. ఫోన్ చేసి రమ్మంది. ఇన్నాళ్ళకు నన్ను రమ్మంది! ఎగురుకుంటూ వెళ్ళాను. పక్కన కూర్చుంది. నేను మాట్లాడదామనుకున్నాను. కానీ నేను నోరు తెరిచేలోపు నా కళ్ళు స్క్రీన్ మీదికి పోయాయి. అలవాటైన గేదె దొడ్లోకి పోయినట్టు వాటంతటవే పోయాయి.

స్కూలు దాటాక నాలుగు రోడ్ల మధ్య గుండ్రటి పూలతోట ఉంది. అక్కడ తిరగాలి. తిప్పాను. చక్రాలు తిరిగాయి, కారు తిరగలేదు. సబ్బు మీద జారినట్టు తిన్నగా పోయింది. బ్రేకు తొక్కితే పెడలు నా కాలి కింద గడగడలాడిందే గానీ బండి ఆగలేదు. గట్టుకు కొట్టుకుని, ఎక్కి, మొక్కల మధ్య నిలబడింది. అట్టలన్నీ మా ఇద్దరి ఒళ్ళో పడ్డాయి. చెవి బొమ్మ, నోరు బొమ్మ, నాలుక బొమ్మ.

తర్వాత తను ముందుకే చూస్తూ, మెల్లగా, ఎవరితోనో అన్నట్టు అంది: "ఈ టైర్లతో రోజూ ఆ కొండెక్కి దిగడం కన్నా అక్కడే ఉండిపోవడం నయం."

"ఏ కొండ?" అన్నాను.

నావైపు తిరిగి చూసింది. కోపం కూడా లేదక్కా ఆ చూపులో. కోపముంటే బాగుండేది. అట్టలు సర్దుకుని, గొడుగు తీసుకుని, దిగి బస్సు స్టాపు వైపు నడిచింది. వెంట పరుగెత్తి కట్ట అందుకోబోయాను. "అట్టలు తడుస్తాయి, కదిలించకండి" అంది. గొడుగు అట్టల మీద పట్టి తను తడుస్తూ బస్సెక్కింది.

నేను వెనక్కొచ్చి మొక్కల మధ్య కారులో కూర్చున్నాను. స్క్రీన్ మీద ఆకు పచ్చగా ఉంది. బండి ఆగి ఉంటే పెట్రోలు తాగదు కదా, మహా మెచ్చుకుంటోంది నన్ను.

అప్పుడు తెలిసింది. కొండ మీదికి వచ్చేది నువ్వు కాదు, వెళ్ళేది తను. మా స్కూలువాళ్ళు అని మొదలుపెట్టింది ఇదే. ఎందుకు వెళ్తోందో, ఎన్నాళ్ళకు వెళ్తోందో నాకు తెలియదు. నీకు తెలుసు. నా ఇంటి సంగతి నువ్వు అంత దూరం నుంచి టైర్ల మాటల్లో చెబుతుంటే నేను అలమరకు కొలతలు తీసుకున్నాను. ఇంత తెలివైనవాణ్ణి మా ఆఫీసు ఎలా భరిస్తోందో.

భయంగా ఉందక్కా. తను నిజంగానే వెళ్ళిపోతుందేమోనని భయంగా ఉంది. ఇంట్లో పక్కగదిలోనే ఉంది, పిల్లల పుస్తకాలు దిద్దుతోంది. వెళ్ళి అడగాలంటే కాళ్ళు రావడం లేదు. నువ్వే చెప్పు, ఏం జరుగుతోంది?

గాలి తగ్గించాను. చేతులు కాలాక ఆకులు.

తమ్ముడు



డ్రైవింగ్ స్కూలు గది
సోమవారం

ఒరేయ్ నాన్నా,

ఇద్దరూ బాగున్నారు, అది చాలు. ఉత్తరం చదువుతుంటే నా కాలు బల్ల కింద లేని బ్రేకును తొక్కింది.

ఏం జరుగుతోందో నేను చెప్పను. ఇప్పుడు మాట ఇచ్చానని కాదు. ఫ్లైఓవర్ మీద తను మొదలుపెట్టిన మాట అది. మిగతాది నేను చెబితే తన మాట నేను లాక్కున్నట్టు అవుతుంది. తన నోటితో తను చెప్పాలి, నీ చెవులతో నువ్వు వినాలి. నెలాఖరుకు తను వాళ్ళకు జవాబివ్వాలి, ఆ ఒక్కటీ చెబుతున్నాను, ఎందుకంటే నీకు గడువు లేకపోతే కదలవు.

వినడం నీకు రాదు కాబట్టి ఒక ఉపాయం. స్టీరింగ్ తనకివ్వు. నువ్వు పక్కన కూర్చో. నేను పాతికేళ్ళుగా ఆ పక్క సీట్లో కూర్చునే బతుకుతున్నాను. అక్కడ కూర్చున్నవాడి చేతుల్లో ఏమీ ఉండదు. నడిపేవాళ్ళు చెప్పేది వినడం తప్ప గత్యంతరం ఉండదు. నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళు మొదటి వారం క్లచ్చు గురించి మాట్లాడతారు, రెండో వారం నుంచి వాళ్ళ బతుకు గురించి. కళ్ళు రోడ్డు మీద ఉంటే నోరు తేలిగ్గా విచ్చుకుంటుంది.

మధ్యలో సలహా ఇవ్వకు. లెక్క చెప్పకు. "అది సరే గానీ" అనకు. నీకు చాలా కష్టమని తెలుసు. నాకూ కష్టమే, మనది ఒకే రక్తం.

నాకూ భయంగానే ఉందిరా. నాకున్నది ఒకే తమ్ముడు, ఒకే మరదలు.

అక్క



ఇంటి నుంచి, వరండాలో
ఆదివారం, వాన పడుతుండగా

అక్కా,

మొన్న తనతో "టైర్లు మార్చాలి, షాపుకు వస్తావా" అన్నాను. "ఇప్పుడే కదా కొన్నారు?" అంది. "అవి నా ఒక్కడికోసం కొన్నాను" అన్నాను. ఇంకేదో వివరించబోయి నాలుక కరుచుకున్నాను. కాసేపు చూసి, చెప్పులు వేసుకుంది.

షాపాయన మళ్ళీ నాలుగు రకాలు దొర్లించుకొచ్చి గుణగణాలు మొదలుపెట్టాడు. తను చెయ్యెత్తి ఆపి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "వానలో కొండ దిగేటప్పుడు బ్రేకు వేస్తే ఏది ముందు ఆగుతుంది?" ఆయన ఒకటి చూపించాడు. "అదే వేయండి." అయిపోయింది. నేను నెల రోజులు నలిగిన చోట తను టీ తాగేంతసేపు కూడా నిలబడలేదు. స్టెప్నీ ఏదని ఆయన అడిగితే ఇద్దరం నేల చూపులు చూశాం. నేను కొన్న టైర్లు వెనక్కి తీసుకుంటూ ఆయన పెట్టిన మొహం వర్ణించను. నష్టం నాది, నవ్వు ఆయనది.

నిన్న ఉదయం తాళం తనకిచ్చి, "నువ్వు నడుపు, ఆ కొండ చూపించు" అన్నాను. "వాన పడుతోంది" అంది. "దానికోసమేగా కొన్నావు" అన్నాను. అంతే, ఆ తర్వాత కొండ పైకి వెళ్ళేదాకా నేను మాట్లాడలేదు. నమ్మవు కదూ? తనూ నమ్మలేదు. మధ్యలో ఒకసారి "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

ఊరు దాటేదాకా ఏమీ చెప్పలేదు. మొదటి మలుపు తిరిగాక చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ స్కూలువాళ్ళు కొండ మీద ఇంకో స్కూలు పెడుతున్నారు, పిల్లలు అక్కడే ఉండి చదువుకునేది. దానికి తనను ప్రిన్సిపాల్‌గా ఉండమన్నారు. ఉండటానికి గది కూడా ఇస్తామన్నారు. ఆ మాట చెప్పిన రోజు సంతోషం పట్టలేక స్కూలు మెట్ల మీద కూర్చుని నాకోసం ఎదురుచూసిందట. నేను వచ్చాను. ఆ తర్వాతది నీకు తెలుసు, ముప్పై దాటింది.

"ఆ రోజు మిమ్మల్ని సలహా అడుగుదామనుకున్నాను," అంది. "తర్వాత, అడగడమెందుకు, చెప్పేస్తే చాలుననుకున్నాను. ఆ తర్వాత అదీ అక్కర్లేదనిపించింది." ఎంత నిదానంగా గేరు మార్చినట్టు చెప్పిందో! అది సరే గానీ అనలేదు.

తను భలే నడుపుతుందక్కా. వానలో ఆ మలుపుల్లో బండి రోడ్డును వదల్లేదు. నువ్వు అడుగుతావు కాబట్టి ముందే చెబుతున్నాను, స్క్రీన్ చూశాను. సగం కొండ ఎక్కాక, ఒక్కసారి. పదకొండు! లీటరుకు పదకొండు! ఏడుపొచ్చింది. పైకి మాత్రం చెట్లు చూస్తున్నట్టు మొహం పెట్టాను. నా జీవితంలో అంత నిగ్రహం ఎప్పుడూ చూపలేదు, ఎక్కడైనా రాసిపెట్టు.

పైన స్కూలు ఇంకా పూర్తిగా కట్టలేదు. సున్నం వాసన. కాపలా ముసలాయన గొడుగు పట్టుకొచ్చి, తనకిస్తామన్న గది తాళం తీసి చూపించాడు. శుభ్రమైన గది. ఒక కిటికీ, ఒక బల్ల, ఒక కుర్చీ. ఒక మంచం. మనిషి ఒక్కరే పట్టే మంచం. దాన్ని చూస్తూ నిలబడ్డాను. తను అక్కడ ఒక్కతే పడుకోవడం, నేను ఇక్కడ ఆ ఇంట్లో ఒక్కణ్ణే కూర్చోవడం, రెండూ ఒకేసారి కనిపించాయి.

"విన్నారు కదా అంతా. ఇప్పుడు చెప్పండి," అంది. "ఉద్యోగం చేస్తాను, అందులో మాట లేదు. రోజూ వచ్చి వెళ్ళనా, ఇక్కడే ఉండిపోనా?"

రోజూ వస్తే ఎన్ని కిలోమీటర్లు, ఎంత సేపు, ఎంత పెట్రోలు, అన్నీ నా నోటి చివర్దాకా వచ్చాయక్కా. మింగేశాను. "నువ్వు రాత్రికి ఇంటికి రాకపోతే నేను ఉండలేను," అన్నాను. ఇంకేమైనా చేర్చాలేమోనని వెతికాను, ఏమీ దొరకలేదు.

తను చాలాసేపు కిటికీలోంచి వానను చూసింది. కాపలాయన గుమ్మంలో తాళంచెవి పట్టుకుని ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు. తను ఆయన వైపు తిరిగింది.

"ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచండి," అంది. రెండడుగులు నడిచి, మళ్ళీ ఆగి, "పారేయకండి మాత్రం" అంది. ఆ మాట ఆయనతోనే అంది, చూసింది మాత్రం నావైపు.

నీ తమ్ముడు